బాత్రూమ్ మళ్లీ కట్టిస్తున్నారా? టైల్ వేసేలోపే తేల్చుకోవాల్సినవి

బాత్రూమ్ పని అనగానే చాలామంది ముందు టైల్స్ చూడ్డానికి వెళ్తారు. రంగు ఖరారయ్యాక మేస్త్రిని పిలుస్తారు, పైపులు వేశాక కమోడ్, కుళాయిలు కొంటారు. ఈ వరస తలకిందులు. కంటికి కనిపించేది ఎప్పుడైనా మార్చుకోవచ్చు. గోడలోనూ నేలకిందా మూసేసినదాన్ని మార్చాలంటే మాత్రం పైనున్నదంతా పగలగొట్టాల్సిందే. అందుకే ఏదైనా మూసేముందు పరీక్షించి చూసుకోవాలి. అలా పరీక్షించాలంటే అక్కడ బిగించబోయే సామాను ముందే ఎంచుకుని ఉండాలి. కింద చెప్పే పనులన్నీ ఆ వరసలోనే ఉన్నాయి.

1. సామాను ముందు, పైపులు తర్వాత

కమోడ్, వాష్‌బేసిన్, షవర్, గీజర్... ఈ నాలుగూ ఏ మోడల్ అన్నది తేలాకే గోడ కొయ్యనివ్వండి. అన్నీ అప్పుడే కొనెయ్యక్కర్లేదు, కంపెనీ ఇచ్చే కొలతల పటం చేతిలో ఉంటే చాలు. ఆ పటం ప్లంబర్‌కి ఇచ్చి, గోడ మీదా నేల మీదా చాక్‌పీస్‌తో అన్నీ గీయించండి. తర్వాత ఆ గీతల మధ్య ఒక స్టూలు వేసుకుని కూర్చోండి, లేవండి, తలుపు తీసి వేసి చూడండి. మోకాలు దేనికైనా తగులుతుంటే గీత చెరిపేయడం క్షణం పని.

కమోడ్‌తో మొదలుపెడదాం. మురుగు నేలలోకి దిగేది ఎస్-ట్రాప్, వెనక గోడలోకి వెళ్లేది పి-ట్రాప్. ఎస్-ట్రాప్ అయితే గోడ నుంచి ఆ పైపు నోటి మధ్యకి ఎంత దూరం ఉండాలన్నది మోడల్‌ని బట్టి మారుతుంది. 220 మిల్లీమీటర్లవీ, 300 మిల్లీమీటర్లవీ దొరుకుతాయి. ఆ దూరాన్ని టైల్ వేశాక ఉండే గోడ నుంచి కొలవాలి. ప్లాస్టరింగ్‌కి 12 నుంచి 15, టైల్‌కీ దాని కింద గమ్‌కీ మరో 12 నుంచి 15 మిల్లీమీటర్లు పోతాయి. ఉత్త ఇటుక గోడ మీద టేపు పెట్టి 300 కొలిస్తే చివరికి మిగిలేది 270 నుంచి 276 మాత్రమే. అప్పుడు కమోడ్ వెనక భాగం గోడకి తగిలి, పైపు నోటి మీద సరిగ్గా కూర్చోదు.

కమోడ్ మధ్యగీత నుంచి పక్క గోడకి కనీసం 15 అంగుళాలు వదలండి. ముందు 21 అంగుళాలు ఉంటే సర్దుకోవచ్చు, 24 ఉంటే హాయి. వాష్‌బేసిన్ పై అంచు నేల నుంచి 32 నుంచి 34 అంగుళాల ఎత్తులో ఉంటే చాలామందికి సరిపోతుంది. అయినా మీ ఇంట్లో దాన్ని ఎక్కువగా వాడేవాళ్లని నిలబెట్టి చూడటం మేలు.

గోడలో దాగే డైవర్టర్ (నీళ్లని షవర్‌కో కుళాయికో మళ్లించే వాల్వ్) పెట్టించుకుంటుంటే దాని లోపలి బాడీ మాత్రం ముందే కొని చేతిలో పెట్టుకోండి. బాడీ మీదుండే ప్లాస్టిక్ మూత చూడండి, దాని మీద రెండు గీతలుంటాయి, ఒకటి కనిష్ఠం, ఒకటి గరిష్ఠం. టైల్ వేశాక గోడ ఉపరితలం ఈ రెండు గీతల మధ్యకి రావాలి. బాడీ మరీ లోపలికి పోతే హ్యాండిల్ కాడ అందదు, పొడిగింపు ముక్క కోసం వెతుక్కోవాలి. మరీ బయటికి వస్తే పైన బిగించే ప్లేటు గోడకి ఆనక ఖాళీ మిగులుతుంది, నీళ్లు అందులోంచి గోడలోకి దిగుతాయి. బాడీ బిగించేటప్పుడు మీరు వేయబోయే టైల్ ముక్క ఒకటి దాని పక్కన పట్టుకుని చూసుకోండి, అనుమానం ఉండదు.

షవర్ కొనేముందు నీటి ఒత్తిడి లెక్క చూసుకోండి. సుమారు పది మీటర్ల ఎత్తు నీళ్లు నిలబడితే ఒక బార్ ఒత్తిడి వస్తుంది. పైనున్న ట్యాంకు నుంచి నీళ్లు వాటంతటవే దిగే ఇల్లయితే, పై అంతస్తు షవర్‌కీ ట్యాంకులో నీటిమట్టానికీ మధ్య మూడు మీటర్లుంటే ఒత్తిడి 0.3 బార్ మాత్రమే. పళ్లెమంత వెడల్పున్న రెయిన్ షవర్లలో చాలావాటికి ఒక బార్ అయినా కావాలి. పెట్టె మీద ఆ అంకె రాసి ఉంటుంది. ఒత్తిడి చాలదని తేలితే చిన్న షవర్‌తో సరిపెట్టుకోండి, కాదంటే ప్రెషర్ పంపుకి కరెంటు పాయింటూ, దాన్ని పెట్టే చోటూ ఇప్పుడే చూడండి. నా మాటడిగితే ఒక మంచి హ్యాండ్ షవర్ చాలు. గోడలు కడగడానికీ, పిల్లలకీ, కూర్చుని స్నానం చేసే పెద్దవాళ్లకీ దానంత ఉపయోగపడేది లేదు.

కుళాయిల్లో మెరుపు కన్నా లోపలి సరుకు ముఖ్యం. ఇత్తడి బాడీ చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉంటుంది. లోపల నీళ్లని తెరిచి మూసే సిరామిక్ డిస్క్ కార్ట్రిడ్జ్ ఉన్నది రబ్బరు వాషర్ దానికన్నా చాలాకాలం కారకుండా పనిచేస్తుంది. ఆ కార్ట్రిడ్జ్ విడిగా దొరుకుతుందా అని కొనేచోటే అడగండి. దొరకని మోడల్ ఎంత అందంగా ఉన్నా వదిలెయ్యండి. స్టీల్ సామానుకి అయస్కాంతం పెట్టి నాణ్యత తేల్చేస్తుంటారు. 304 రకానికి అయస్కాంతం అంటదన్నది నిజమే, కానీ అంతకన్నా తక్కువరకమైన 202కి కూడా అంటదు. కాబట్టి ఆ పరీక్షని నమ్ముకోకండి, బిల్లు మీద గ్రేడు రాయించుకోండి. సముద్రగాలి తగిలే ఇంటికైతే 316 మంచిది. దానిలోని మాలిబ్డినం ఉప్పుకి తట్టుకుంటుంది.

2. పగలగొట్టేటప్పుడు

మొదటి సుత్తి దెబ్బకన్నా ముందు మురుగు పైపుల నోళ్లన్నీ మూయించండి. గుడ్డ కుక్కితే చాలదు, మూత బిగించాలి. సిమెంటు ముక్కలు ఒకసారి లోపలికి జారితే కొత్త బాత్రూమ్ నీళ్లు నిలవడంతోనే మొదలవుతుంది.

నేల తవ్వాక స్లాబ్ బయటపడుతుంది. ఇనుప కడ్డీలు తుప్పుపట్టి కనిపిస్తే పని అక్కడే ఆపి స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి చూపించండి. పైపు కోసం దూలానికి కన్నం పెడతాననీ, కడ్డీ కోస్తాననీ ఎవరన్నా ఒప్పుకోవద్దు.

3. పైపులూ వైర్లూ

వేడినీళ్ల లైనుకి మామూలు పీవీసీ పనికిరాదు. అది 60 డిగ్రీలకే మెత్తబడుతుంది. సీపీవీసీ 93 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. పీపీఆర్, పెక్స్ అనే ప్లాస్టిక్ పైపులు కూడా వేడినీళ్లకి వాడతారు. వేడి ఎడమవైపు, చన్నీళ్లు కుడివైపు రావాలి. ప్రతి సామానుకీ విడిగా యాంగిల్ వాల్వ్ పెట్టించండి, ఒక కుళాయి కారితే ఇల్లంతా నీళ్లు ఆపుకోవాల్సిన పని ఉండదు.

మురుగు పైపుకి అడుగుకి పావు అంగుళం వాలు ఇవ్వాలి. నేల మీది జాలీ కింద ఉండే ట్రాప్‌లో కనీసం 50 మిల్లీమీటర్ల నీళ్లు నిలవాలి. మురుగు కంపు ఇంట్లోకి రాకుండా ఆపేది ఆ నీళ్లే. వంపు తిరిగిన ఈ ట్రాప్‌తో కూడిన మరుగుదొడ్డికి 1775లో పేటెంట్ పొందిన అలెగ్జాండర్ కమింగ్ గడియారాలు చేసే మనిషి. ఇప్పటికీ ప్రతి కమోడ్ ఆ సూత్రం మీదే పనిచేస్తోంది. రోజూ వాడని బాత్రూమ్‌లో కంపు కొడితే ముందు చూడాల్సింది అదే: ట్రాప్ ఎండిపోయిందేమో, ఒక మగ్గు నీళ్లు పోయండి.

గోడ పూడ్చకముందు లైన్లన్నీ మూసి, చేతిపంపుతో నీటి ఒత్తిడి పెట్టించండి. మామూలుగా ఉండే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు పెట్టి, గేజ్ ముల్లు కదలకుండా నిలబడుతుందో లేదో దగ్గరుండి చూడండి. ప్లాస్టిక్ పైపుల్లో గాలి ఒత్తిడితో పరీక్ష చేయనివ్వకండి, పైపు పగిలితే ముక్కలు ఎగిరి తగులుతాయి. ఆ తర్వాత ప్రతి గోడకీ టేపు ఆనించి, అంకెలు కనిపించేలా ఫొటోలు తీయండి. ఎప్పుడో అద్దానికి మేకు కొట్టేటప్పుడు ఈ ఫొటోలే దిక్కు.

కరెంటు విషయంలో రాజీ వద్దు. బాత్రూమ్ లైన్లకి 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉండాలి. అది ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్) చేసే పని కాదు. ఎంసీబీ వైరుని కాపాడుతుంది, ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది. గీజర్‌కి విడిగా లైను లాగించండి. సాకెట్లు షవర్ నీళ్లు పడే చోటికి దూరంగా ఉండాలి.

ఇంట్లో పెద్దవాళ్లుంటే గోడ తెరిచి ఉన్న ఈ సమయంలోనే పట్టుకునే కడ్డీల గురించి ఆలోచించండి. పెద్దవాళ్లు ఇప్పుడు లేకపోయినా సరే. నేల నుంచి 33 నుంచి 36 అంగుళాల ఎత్తులో, కమోడ్ పక్కనా షవర్ దగ్గరా మనిషి బరువు మొత్తం వేలాడినా ఊడిరాని గోడ కావాలి. బోలు గోడ అయితే లోపల చెక్క ఆధారం పెట్టించండి, ఇటుక గోడ అయితే ఆ మేర పైపులు రాకుండా చూడండి. తువ్వాలు వేసుకునే రాడ్డు ఈ పనికి పనికిరాదు, పడబోయే మనిషి దాన్ని పట్టుకుంటే రాడ్డుతో పాటే పడతాడు.

4. నీళ్లు దిగకుండా: అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఇక్కడే

టైల్ వేస్తే నీళ్లు ఆగుతాయనుకోవడం పొరపాటు. టైల్స్ సందుల్లో నింపే సిమెంటు గ్రౌట్ నీళ్లు పీలుస్తుంది. రోజూ స్నానం చేసిన నీళ్లలో కొంత టైల్ కిందకి దిగుతూనే ఉంటుంది. దాన్ని ఆపేది కింద వేసే వాటర్‌ప్రూఫింగ్ పొర ఒక్కటే.

నీరు పల్లమెరుగు అంటారు, ఆ పల్లం మనం ఎక్కడ పెట్టామన్నదే ప్రశ్న. చాలాచోట్ల చదునైన స్లాబ్ మీద పొర పూసేసి, దాని మీద సిమెంటు బెడ్‌తో వాలు తీస్తారు. పైన పడ్డ నీళ్లు చక్కగా జాలీలోకి పోతాయి. గ్రౌట్‌లోంచి దిగిన నీళ్లు మాత్రం కింద చదునైన పొర మీద ఎటూ పోలేక నిలిచిపోతాయి. బెడ్ ఎప్పుడూ తడిగానే ఉంటుంది, టైల్ సందులు నల్లబడతాయి, ఆరని వాసన మొదలవుతుంది. కాబట్టి ముందు వాలు, దాని మీద పొర, ఆ పైన టైల్. మేస్త్రితో ఈ వరస మొదటిరోజే మాట్లాడుకోండి. వాలు షవర్ దగ్గర అడుగుకి పావు అంగుళం. మిగతా నేలకి అందులో సగమున్నా చాలు.

పొర పూసేముందు నేలా గోడా కలిసే మూలలన్నీ గుండ్రంగా సిమెంటుతో నింపించి, వాటి మీద బట్టలాంటి టేపు అతికించాలి. కట్టడం కొద్దిగా కదిలినా మొదట చీలేది మూలే. మొదటి కోటు ఒక దిక్కుగా, రెండోది అడ్డంగా పూయాలి. రెండు కోట్లకీ రెండు రంగులు వాడితే ఎక్కడ తప్పిపోయిందో కంటికి తెలుస్తుంది. షవర్ గోడలకి ఆరడుగుల ఎత్తు దాకా, మిగతా గోడలకి కనీసం ఆరంగుళాలు. గడప దగ్గర కూడా పొర పైకి లేవాలి, లేకపోతే పక్క గదిలో తలుపు చట్రం అడుగున ఉబ్బుతుంది. కోటుకీ కోటుకీ మధ్య డబ్బా మీద రాసినంత సేపు ఆరనివ్వాలి. పని తొందర అంతా ఇక్కడే చూపిస్తారు, మీరు గట్టిగా నిలబడండి.

ఆరాక నీళ్లు నిలిపే పరీక్ష. జాలీ నోటికి బిరడా బిగించి, గుమ్మానికి అడ్డుకట్ట వేసి, ఎత్తైన మూలలో కూడా నీళ్లు నిలిచేదాకా నింపండి. రెండంగుళాలు మించక్కర్లేదు, 50 మిల్లీమీటర్ల నీళ్లంటేనే చదరపు మీటరుకి 50 కిలోల బరువు. గోడ మీద నీటిమట్టం దగ్గర పెన్సిల్ గీత పెట్టండి. పక్కనే ఒక బకెట్టులో నీళ్లు పోసి దానికీ గీత పెట్టండి. ఆవిరై తగ్గేది రెండిట్లోనూ ఒకేలా తగ్గుతుంది, కారిపోయేది నేల మీద మాత్రమే తగ్గుతుంది. కనీసం 24 గంటలు, వీలైతే 48 గంటలు అలా వదిలి, కింది అంతస్తు సీలింగ్‌ని టార్చి వేసి చూడండి.

ఒక ఇంట్లో ఈ పరీక్ష దగ్గరుండి చూశాను. మర్నాటికి బకెట్టులో వెంట్రుకవాసి తేడా, నేల మీద వేలి మందాన తగ్గింది. నీళ్లు తోడేసి వెతికితే మూలలన్నీ బాగానే ఉన్నాయి. జాలీ పైపు దగ్గర గోటితో గీకితే పొర అంచు పైకి లేచింది. పైపు అంచు దాకా పూసి వదిలేశారు, లోపలికి మడవలేదు. ఆ ఒక్క చోట శుభ్రం చేసి, పైపు లోపలికి దిగేలా మళ్లీ పూస్తే ఆగింది. సాధారణంగా కారేది ఇలాంటి చోట్లే: జాలీ మెడ, నేలలోంచి పైకి వచ్చే పైపుల చుట్టూ, గుమ్మం. మీరు కూడా పరీక్షకి ముందే ఆ మూడు చోట్లా గోటితో గీకి చూడండి.

పరీక్ష నెగ్గాక ఆ పొర మీద మేకులు, నిచ్చెన కాళ్లు, ఇనుప సామాను పెట్టనివ్వకండి. అట్టపెట్టెలు పరచుకుని నడవమనండి.

5. టైల్స్

నేలకి నీళ్లు అర శాతం కన్నా తక్కువ పీల్చే పోర్సిలిన్ తీసుకోండి. గోడ టైల్స్ అంతకు ఎన్నో రెట్లు పీలుస్తాయి, బలం కూడా తక్కువ, వాటిని నేలకి వేయకూడదు. జారుడు సంగతి షాపులోనే తేల్చుకోండి: టైల్ మీద నీళ్లు పోసి, చెప్పులు విప్పి, పాదంతో రుద్ది చూడండి. పాలిష్ మెరుపున్నది నేలకి వద్దు. షవర్ భాగానికి చిన్న టైల్స్ మేలు. వాలుకి తగ్గట్టు వంగి కూర్చుంటాయి, సందులు ఎక్కువ కాబట్టి పాదానికి పట్టు దొరుకుతుంది.

అన్ని పెట్టెల మీదా బ్యాచ్ నంబరూ షేడూ ఒకటేనా చూసి, పది శాతం ఎక్కువ తీసుకోండి. అంటించేటప్పుడు టైల్ వెనక అయిదు ముద్దలు పెట్టి నొక్కేస్తుంటారు. ఆ ముద్దల మధ్య బోలులో నీళ్లు చేరతాయి. పళ్ల కరణెతో గమ్ మొత్తం పరిచి అంటించమనండి. అప్పుడే అంటించిన ఒక టైల్‌ని పీకి వెనక చూడండి, తడి చోట 95 శాతం గమ్ అంటి ఉండాలి. ఆరాక నాణెంతో తట్టితే డొల్ల శబ్దం వచ్చిన టైల్స్‌కి గుర్తుపెట్టి మార్పించండి.

గోడా గోడా, గోడా నేలా కలిసే సందుల్లో గ్రౌట్ వద్దు, సిలికాన్ కావాలి. షవర్ భాగంలో ఎపాక్సీ గ్రౌట్ ఖరీదైనా వేయించండి, మరకలు పట్టవు.

6. గాలి

చెమ్మ బయటికి పోకపోతే ఎంత మంచి పని అయినా బూజు పడుతుంది. ఫ్యాను ఎంతది కావాలో లెక్క సులువు. గంటకి ఎనిమిదిసార్లు గదిలో గాలి మారాలి. 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తున్న బాత్రూమ్‌లో 320 ఘనపుటడుగుల గాలి ఉంటుంది. ఎనిమిదిసార్లంటే గంటకి 2,560, అంటే నిమిషానికి 43 ఘనపుటడుగులు. నిమిషానికి 50 లాగే ఫ్యాను తీసుకోండి. ఫ్యాను గాలి ఆరుబయటికే పోవాలి, ఫాల్స్ సీలింగ్ పైన వదిలేయకూడదు. తలుపు కింద ముప్పావు అంగుళం సందు వదలండి, బయటి గాలి లోపలికి రాకపోతే ఫ్యాను ఖాళీగా తిరుగుతుంది.

7. గీజర్

15 లీటర్ల నీళ్లని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకి తేవడానికి 2 కిలోవాట్ల గీజర్‌కి సుమారు 18 నిమిషాలు పడుతుంది, 25 లీటర్లయితే అరగంట. ఇన్‌స్టంట్ గీజర్ 3 కిలోవాట్లదైనా నిమిషానికి రెండు లీటర్లు పారిస్తే 21 డిగ్రీలే పెంచగలదు. కాబట్టి అది వాష్‌బేసిన్‌కి బాగుంటుంది, చల్లటి ప్రాంతంలో షవర్‌కి చాలదు. 230 వోల్టుల దగ్గర 3 కిలోవాట్లంటే 13 యాంపులు. వైరూ స్విచ్చూ దానికి తగ్గవి కావాలి.

నిల్వచేసే గీజర్‌ని 60 డిగ్రీల దగ్గర ఉంచండి. గోరువెచ్చని నీళ్లలో న్యుమోనియా తెచ్చే లీజియోనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది. అయితే 60 డిగ్రీల నీళ్లు కొన్ని క్షణాల్లోనే ఒళ్లు కాలుస్తాయి, పిల్లలున్న ఇంట్లో నీటి వేడిని ఒకే స్థాయిలో ఉంచే థర్మోస్టాటిక్ మిక్సర్ పెట్టించడం మంచిది. గీజర్ కింద ఒత్తిడి వదిలే సేఫ్టీ వాల్వ్ ఉంటుంది. దాన్నుంచి అప్పుడప్పుడూ చుక్కలు పడటం మామూలే. నీళ్లు పడుతున్నాయని దానికి బిరడా కొట్టించకండి, లోపలి ఒత్తిడికి దారి లేక ట్యాంకు పేలిపోవచ్చు.

8. బిగించాక, డబ్బులిచ్చేముందు

కుళాయిలన్నీ తెరిచి, కమోడ్ ఫ్లష్ చేస్తూ, నేల జాలీలో నీళ్లు పైకి తన్నుతున్నాయేమో చూడండి. వాష్‌బేసిన్ నిండా నీళ్లు పట్టి ఒక్కసారి వదిలి, కింద ప్రతి జాయింటునీ పొడి టిష్యూ కాగితంతో తుడవండి. కంటికి కనపడని చుక్క కాగితం మీద తెలుస్తుంది. ఫ్లష్ ట్యాంకులో ఫుడ్ కలర్ నాలుగు చుక్కలు వేసి అరగంట ఆగండి. కమోడ్‌లో రంగు కనిపిస్తే లోపలి వాల్వ్ కారుతున్నట్టే. సిలికాన్ వేశాక 24 గంటలు తడి తగలనివ్వకండి.

చివరి విడత డబ్బులు వారం వాడాక ఇచ్చేలా మొదటే మాట్లాడుకోండి. మిగిలిన టైల్స్, గ్రౌట్ షేడ్ నంబరు, కార్ట్రిడ్జ్ మోడల్ నంబర్లు, గోడల ఫొటోలు ఒకేచోట పెట్టి ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పండి. కింద వేరే కుటుంబం ఉంటే వాళ్ల సీలింగ్‌కి పని మొదలవకముందే ఒక ఫొటో తీసి, నెల తర్వాత మళ్లీ వెళ్లి పోల్చి చూసి రండి.